పదకొండు పచ్చ చుక్కలు

నాకు ఎత్తంటే భయం. ఢిల్లీ సాకేత్‌లో మా ఆఫీసు ఆరో అంతస్తులో ఉంది. కిటికీ పక్క సీటు ఇస్తామంటే వద్దని పోయి ప్రింటర్ పక్కన కూర్చున్నదాన్ని. మాల్‌లో ఎస్కలేటర్ ఎక్కితే చివరిదాకా నా చెప్పుల వైపే చూస్తాను. అలాంటిదాన్ని, ముప్పై అంతస్తుల భవనాలు కట్టేచోట మనుషులు ఎందుకు పడిపోతున్నారన్న విషయం మీద పరిశోధన చేస్తున్నానంటే మా అమ్మ ఫోన్లో నవ్వీ నవ్వీ పొలమారి, చెంబెడు నీళ్లు తాగి మళ్లీ నవ్వింది.

ఇంజనీరింగ్ అయ్యాక కలెక్టర్‌నవుతానని ఒంగోలు నుంచి ఢిల్లీ వచ్చాను. ఓల్డ్ రాజిందర్ నగర్‌లో మంచం, బల్ల, నేను పడితే ఇంకేమీ పట్టని గదిలో మూడేళ్లున్నాను. మూడుసార్లు రాశాను, మూడుసార్లూ మొదటి మెట్టు మీదే ఆగిపోయాను. ఇంటికి వెళ్లడానికి మొహం చెల్లక, దొరికిన ఉద్యోగంలో చేరాను. కట్టడాల దగ్గర భద్రత గురించి ప్రపంచంలో ఎవరెవరు ఏం రాశారో చదివి, ఆ పరిశోధన ఎటు పోతోందో చెప్పడం మొదటి పని. చదివినదాన్ని ఏదైనా ఒక సైట్‌లో పెట్టి చూడడం రెండో పని.

చదవడం నాకు బాగా వచ్చు. మూడేళ్లు చేసింది అదే కదా. పాత కాగితాల్లో రాసినవాళ్లంతా తప్పు కూలీదేనన్నారు. అజాగ్రత్త, చెప్పిన మాట వినకపోవడం, మందు. తర్వాత వచ్చినవాళ్లు తర్ఫీదు చాలలేదన్నారు. ఆ తర్వాతి తరం వేలు పైకి తిప్పింది. గడువుల తొందర, ఒకరి కింద ఒకరుగా కాంట్రాక్టర్లు, ఎవరి నెత్తిన ఏ బాధ్యత ఉందో ఎవరికీ తెలియకపోవడం. ఇంకొన్నాళ్లకు, జరిగిన ప్రమాదాలను కాదు, త్రుటిలో తప్పినవాటిని రాసుకోండి అన్నారు. ఇప్పుడు ఎవరి కాగితం తెరిచినా కెమెరాలు, సెన్సర్లు, ముందే పసిగట్టే కంప్యూటర్లు. వీటన్నిటి మీదా నేను పెద్ద నివేదిక రాశాను. రెండో అధ్యాయంలో ఒక వాక్యం నాకు తెగ నచ్చి దాని కింద గీత కూడా గీసుకున్నాను: 'బహుమతులు పెట్టినచోట ప్రమాదాలు తగ్గవు, ప్రమాదాల గురించి చెప్పడం తగ్గుతుంది.' ఆ వాక్యం నేను రాసిందే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నేను గుర్తుపెట్టుకోలేదు.

సైట్ గుర్‌గావ్ దాటాక ఉంది. మెట్రో ఆఖరి స్టేషన్‌లో దిగి, ఆటోలో ముప్పావుగంట దుమ్ము తింటే వస్తుంది. మేం అక్కడ పెట్టి చూసింది కొత్తరకం హెల్మెట్. వెనకవైపు సబ్బుబిళ్లంత పెట్టె ఉంటుంది. మనిషి స్లాబ్ అంచుకు దగ్గరగా పోతే అది కీచుమని అరుస్తుంది. ఆ మనిషి ఎక్కడున్నాడో కంట్రోల్ రూమ్‌లోని తెర మీద చుక్కగా కనిపిస్తుంది. లోపల ఉంటే పచ్చ, అంచుకు పోతే ఎరుపు. ఎన్నిసార్లు అరిచిందో దానంతటదే లెక్క రాసుకుంటుంది.

లోపల పనిచేసే కొన్ని ముఠాలతోపాటు, ఎత్తయిన టవర్‌లో పైన స్లాబ్‌కు పలకలు కొట్టే సెంట్రింగ్ ముఠాకు పదకొండు హెల్మెట్లు ఇచ్చాం. ఈ సెంట్రింగ్‌వాళ్లు పాలమూరు నుంచి వచ్చినవాళ్లు. యాభై దాటిన మేస్త్రీ, ఆయన భార్య, కూతురు, అల్లుడు, మిగతావాళ్లంతా అదే ఊరి చుట్టాలు. తెలుగు వినపడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మేస్త్రీ నన్ను ఎగాదిగా చూసి, "మేడం, మీరు ఏ దిక్కు?" అన్నాడు. ఒంగోలు అని చెప్తే, "అచ్ఛా, ఆంధ్రా మేడం," అని భార్యతో అన్నాడు. ఆమె నవ్వి నాకు చాయ్ ఇచ్చింది. ఆమెకు ఎడమ మోకాలు సరిగా వంగదు. నేను ఆమెను అక్కా అని పిలిచేదాన్ని.

మేస్త్రీకి ఒక అలవాటుంది. అన్నం వేళా, పని దిగే వేళా, జాగా మారే వేళా గట్టిగా "ఒకటి!" అంటాడు. పక్కనున్న మనిషి "రెండు" అంటాడు. అలా పదకొండు దాకా పోతుంది. ఎవరి అంకె వాళ్లదే, ఏళ్ల నుంచీ మారలేదట. మేస్త్రీ ఒకటి, కూతురు ఏడు, భార్య పదకొండు. ఎవరైనా పలకకపోతే పని అక్కడే ఆగుతుంది. నాకు నవ్వొచ్చింది.

"ఇక ఆ అవసరం లేదు మేస్త్రీ, ఎవరెక్కడున్నారో తెర మీద కనిపిస్తుంది," అన్నాను.

"మీకు కనవడ్తది మేడం. నాకు ఇనవడాలె," అన్నాడు. "ఇనవడ్తెనే బువ్వ దిగుతది నాకు."

నేను దాన్ని నోట్‌బుక్‌లో 'పాత పద్ధతులు' అన్న శీర్షిక కింద రాసుకున్నాను.

మొదటి వారం తెరంతా ఎరుపే. ఆ ముఠా హెల్మెట్లు పొద్దస్తమానం అరుస్తూనే ఉన్నాయి. సైట్ భద్రతాధికారి హర్యానా మనిషి. భారీ శరీరం, జేబులో ఎప్పుడూ ఆయాసానికి పీల్చుకునే మందు. ఆయన తల పట్టుకున్నాడు. "మేడమ్, ఈ లెక్క పైవాళ్లు చూస్తే నా ఉద్యోగం పోతుంది," అన్నాడు హిందీలో. అప్పుడు నేను తెలివి చూపించాను. "బహుమతి పెడదాం సర్," అన్నాను. నెలలో అందరికంటే తక్కువ అరుపులు వచ్చిన ముఠాకు ఒక కూలర్. సైరన్ మోగినప్పుడు అందరికంటే ముందు కిందికి చేరితే అదనపు మార్కులు. మే నెల మొదలవుతోంది. కూలీల గదులకు గోడలూ రేకులే, కప్పూ రేకే. మేస్త్రీ కూతురికి ఐదు నెలల పాప ఉంది. చెమటకాయలతో దాని వీపు ఎర్రగా పొక్కిపోయి ఉండడం నేను చూశాను. ముఠాలన్నిటినీ పోగుచేసి కూలర్ అని చెప్పగానే గుసగుసలు మొదలయ్యాయి. ఎంత గొప్ప ఆలోచన చేశానా అని మురిసిపోయాను.

వారం తిరక్కుండానే పాలమూరు ముఠా అరుపులు సగానికి పడ్డాయి. రెండో వారానికి సున్నా. పదకొండు చుక్కలూ పచ్చగా, స్లాబ్ మధ్యలో, ఒకదాన్నొకటి ఆనుకుని మెల్లగా అటూ ఇటూ తిరిగేవి. ఒకే ఊరివాళ్లు కదా, ఎక్కడికి పోయినా కలిసే పోతారు అనుకున్నాను. ఆ చుక్కల మీద నాకు ప్రేమ కూడా పుట్టింది. పొద్దున వచ్చి చాయ్ తాగుతూ వాటినే చూసేదాన్ని. నెలాఖరున కూలర్ వాళ్లకే వచ్చింది. ఫోటో తీసి, మా ఆఫీసుకు పంపి, 'ప్రవర్తనలో మార్పు' అని కింద రాశాను. రెండో నెల కూడా వాళ్లకే రావాలని వాళ్లు అనుకున్నారు. పక్క గదిలో ఇంకో చంటిపిల్ల ఉందట.

గాలిదుమారం వచ్చిన రోజు మధ్యాహ్నం నాలుగయింది. నేను కంట్రోల్ రూమ్‌లో ఉన్నాను. పడమర ఆకాశం ముందు పసుపయింది, తర్వాత ఇటుకరంగులోకి తిరిగింది. చూస్తుండగానే పక్క టవర్ కనిపించకుండా పోయింది. అధికారి సైరన్ నొక్కాడు. నా కళ్లు తెర మీదే. పదకొండు చుక్కలూ వెంటనే కదిలాయి, బయటి లిఫ్టులో కిందికి దిగాయి, గేటు పక్కన అందరూ చేరాల్సిన చోట ఆగాయి. నాలుగు నిమిషాలు. ఇంతవరకూ ఏ ముఠాకూ అంత తక్కువ పట్టలేదు. నేను కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను.

లిఫ్టు నడిపే అతను రేడియోలో, "సాబ్, పైన ఇంకా ఎవరో ఉన్నారనిపిస్తోంది," అన్నాడు. అధికారి నా వైపు చూశాడు. నేను తెర వైపు చూశాను.

"ఊపర్ కోయీ నహీ హై," అన్నాను.

గాలి పెరిగితే లిఫ్టు ఆపేయాలన్నది నియమం. అధికారి ఆపించాడు. లిఫ్టును కింద కట్టేసి తాళం వేశారు. పైన ఎవరూ లేరని చెప్పిన నోరు మాత్రం నాదే. ఇప్పటికీ ఆ నాలుగు మాటలూ నాకు పళ్లు తోముకుంటున్నప్పుడు వినిపిస్తాయి.

అంత తక్కువ సమయంలో దిగినవాళ్లను వీడియో తీసి ఆఫీసులో చూపించాలని, మొహానికి చున్నీ చుట్టుకుని గేటు దగ్గరికి పరిగెత్తాను. అక్కడ మిగతా టవర్లవాళ్లు గుంపులుగా నిలబడ్డారు. గోడవారన మేస్త్రీ భార్య ఒక్కతే కూర్చుని ఉంది. ఒళ్లో పెద్ద గోనెసంచి. నేను దగ్గరికి పోయేసరికి ఆ సంచి మూతి గాలికి తెరుచుకుంది. లోపల తెల్లటి హెల్మెట్లు, బుట్టలో కోడిగుడ్లలా.

"అక్కా, అందరేరి?"

ఆమె నా వైపు చూసి, సంచి మూతిని రెండు చేతులతో మూసింది. "వస్తున్నరు మేడం. పలకలు ఎగిరిపోకుంట కట్టి వస్తమన్నరు. నన్ను ముందుగాల పొమ్మన్నరు. ఎన్కాలనే వస్తరు."

"ఎలా వస్తారక్కా? లిఫ్టు ఆపేశారు."

"ఎందుకు ఆపిన్రు? మావోళ్లు పైన ఉండంగ ఎందుకు ఆపిన్రు?"

అంటే ఈ మూడు వారాలూ నేను ముచ్చటపడి చూసింది ఈ సంచిని. మోకాలు నొప్పితో బరువు పని చేయలేని ఆమె, హెల్మెట్లను సంచిలో వేసుకుని స్లాబ్ మధ్యలో పొద్దంతా అటూ ఇటూ నడిచింది. మిగతా పదిమంది పాత పసుపు టోపీలు పెట్టుకుని అంచున పని చేసుకున్నారు.

ఆమె లేచి నా చెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగాయి. "నా మనిషి, నా బిడ్డ పైననే ఉన్నరు," అంది. అరవలేదు. నెమ్మదిగా, నాకు లెక్క అర్థం కాలేదేమో అన్నట్టు రెండోసారి కూడా చెప్పింది.

నేను కంట్రోల్ రూమ్‌కు పరిగెత్తి అధికారికి చెప్పాను. లిఫ్టు పంపండి అని నేను అరుస్తున్నాను, గాలిలో పంపితే లిఫ్టే కూలి పడుతుంది అని ఆయన అరుస్తున్నాడు. ఆయన మాటే నిజం. పైవాళ్ల దగ్గర రేడియో లేదు. ఉండేది, కానీ హెల్మెట్‌లోనే పిలిచే మీట ఉంది కదా అని తీసేసుకున్నాం. ఆ సలహా కూడా నాదే. ఫోన్లు పని వేళల్లో గేటు దగ్గర డబ్బాలో పెట్టి పోవాలి. ఇరవయ్యో అంతస్తు వరకే మెట్లు కట్టారు. ముఠా ఉన్నది ఇరవై రెండులో. ఆ రెండు అంతస్తులకూ మధ్య టవర్ బయటివైపు కట్టిన ఇనప నిచ్చెన ఒక్కటే దారి.

"లిఫ్టు రాకపోతే ఆ నిచ్చెన మీద దిగుతారు," అన్నాడు అధికారి. ఇంత గాలిలో ఆ నిచ్చెన మీద కాలు పెట్టిన మనిషి నిలవడు. ఎవరో ఒకరు పోయి దిగొద్దని చెప్పాలి. ఇద్దరం మెట్లవైపు పరిగెత్తాం.

అక్క కూడా మా వెనక కుంటుతూ వచ్చింది. "నువ్వుండు అక్కా, నేను పోతున్నా కదా," అన్నాను. నా గొంతులో ధైర్యం ఎక్కడిదో నాకు తెలియదు. ఉన్నది ధైర్యం కూడా కాదు. ఆమె ఎదురుగా నిలబడి ఉండడం కంటే పైకి పోవడమే తేలికనిపించింది.

ఏడో అంతస్తు దాకా బాగానే ఎక్కాను. ఆ పైన గోడలు లేవు. మెట్లు, స్తంభాలు, మిగతాదంతా గాలి. మలుపు తిరిగిన ప్రతిసారీ ఎదురుగా నేల ఆగిపోయి దుమ్ము మొదలయ్యేది. సిమెంటు బస్తాల పట్టాలు చింపిరి జెండాల్లా కొట్టుకుంటున్నాయి. నేను మెట్ల లోపలివైపు కాంక్రీటుకు భుజం రాసుకుంటూ ఎక్కాను, భుజం చెక్కుకుపోయింది. పన్నెండో అంతస్తులో అధికారి కూర్చుండిపోయాడు. మందు పీల్చినా ఊపిరి అందడం లేదు. చేత్తో పైకి చూపించాడు. ఆయన్ని అలా వదిలి పోవడం ఒక భయం, ఒంటరిగా పోవడం ఇంకో భయం. రెండోదే పెద్దది. సిగ్గు విడిచి చెప్తున్నాను, అక్కడినుంచి రెండంతస్తులు నాలుగు కాళ్ల మీద పాకాను.

నా నెత్తిన కూడా అదే కొత్త హెల్మెట్. మలుపు దగ్గరికి వచ్చినప్పుడల్లా అది కీచుమంటోంది. నువ్వు అంచున ఉన్నావు, నువ్వు అంచున ఉన్నావు. నాకు తెలుసు. అంచున ఉన్నానని నా ఒళ్లంతా తెలుసు. ఆ అరుపుకు కాలు ఎక్కడ పెడుతున్నానో కూడా తెలియకుండా పోతోంది, గాలి చప్పుడు వినపడటం లేదు, బుర్ర పనిచేయడం లేదు. పదహారో అంతస్తులో హెల్మెట్ తీసి, వెనకనున్న పెట్టెను పీకి విసిరేశాను. అది మెట్ల మీద దొర్లుతూ అరుస్తూనే పోయింది. నేను దాన్ని భరించింది ఒక్క పావుగంట. వాళ్లు మొదటి వారమంతా భరించారు.

ఇరవయ్యో అంతస్తులో మెట్లు అయిపోయాయి. నిచ్చెన మొదలయ్యే చోటికి పదడుగులు. ఆ పదడుగులూ బోర్లా పడుకుని పోయాను. తల ఎత్తి చూస్తే, నిచ్చెన పై కొస నుంచి రెండో మెట్టు మీద ఒక కాలు. రబ్బరు చెప్పు, మడమకు గుడ్డ కట్టుకున్న ఆడమనిషి కాలు. తర్వాతి మెట్టు కోసం గాలిలో వెతుక్కుంటోంది.

"దిగొద్దు!" అని అరిచాను. నా మాట నాకే వినపడలేదు. మళ్లీ అరిచాను. కాలు మెట్టును అందుకుంది. నోట్లోకి ఇసుక పోయి దగ్గొచ్చింది. పక్కన కడ్డీ ముక్క కనిపిస్తే దాంతో నిచ్చెన ఇనుమును కొట్టాను. చేతులు అదిరిపోయేలా కొట్టాను. ఇనుములో ఆ చప్పుడు పైకి పోయింది. కాలు ఆగింది.

దిగొద్దంటే వినపడదు. వాళ్లు వినడానికి అలవాటు పడింది ఒక్కటే. గాలి కాస్త తెరపి ఇచ్చినప్పుడు ఊపిరంతా పోగుచేసి, "ఒకటి!" అని అరిచాను.

కొంతసేపు ఏమీ లేదు. పైనుంచి మేస్త్రీ గొంతు, తన అంకె ఎవరో దొంగిలించినట్టు కోపంగా, "ఒకటి!" అంది. వెంటనే రెండు. మూడు. కాలు పైకి పోయింది. నాలుగు, ఐదు, ఆరు. ఏడు రాలేదు. ఏడు కూతురిది. ఆ కాలు కూతురిది. నేను కళ్లు మూసుకున్నాను. కింద సంచి పక్కన కూర్చున్న ఆమెకు ఏం చెప్పాలో వాక్యం కూర్చుకోవడం మొదలుపెట్టాను, ఆ మాట ఒప్పుకోవడానికి ఇప్పటికీ భయంగానే ఉంది. అప్పుడు సన్నగా, ఏడుపుతో, "ఏడు" అని వినిపించింది.

పది దాకా వచ్చాక అందరూ నిశ్శబ్దంగా ఉన్నారు. అంకెల తర్వాత మేస్త్రీ మాట వినడం వాళ్ల అలవాటు. ఆ నిశ్శబ్దంలో అరిచాను: "దిగొద్దు మేస్త్రీ! లోపలి లిఫ్టు గుంత గోడ చాటుకు పోండి! అక్కడే కూర్చోండి!"

"సరే!" అని వచ్చింది.

నేను పాక్కుంటూ వెనక్కి వచ్చి స్తంభాన్ని కావలించుకున్నాను. ఎంతసేపో తెలియదు. ఒక పెద్ద గాలి వచ్చింది. నిచ్చెన పైకట్టు తెగింది. నా కళ్ల ముందే నిచ్చెన గోడను వదిలి, బయటికి వంగి, వెనక్కి వచ్చి టవర్‌ను కొట్టుకుంది. మళ్లీ వంగింది, మళ్లీ కొట్టుకుంది. దాని మీద ఎవరూ లేరు. ఎవరూ లేరని తెలిసి కూడా కొట్టుకున్న ప్రతిసారీ నేను అరిచాను.

వాన చినుకులు పడి గాలి తగ్గాక లిఫ్టు పైకి వచ్చింది. దిగేటప్పుడు మేస్త్రీ నా ఎదురుగా నిలబడి, తడిసిన పసుపు టోపీ చేతిలో పట్టుకుని, "మీ లెక్క ఖరాబైంది గద మేడం," అన్నాడు. నేను ఏడ్చేశాను. కింద అక్క ఒక్కొక్కరి నెత్తి మీద చెయ్యి పెట్టి చూసింది. పదిమందీ అయ్యాక, నేనూ వరసలో ఉన్నట్టు, నా నెత్తి మీద కూడా పెట్టింది.

కంట్రోల్ రూమ్‌లో తెర అలాగే ఉంది. గేటు దగ్గర పదకొండు చుక్కలు, పచ్చగా. కంప్యూటర్ దానంతటదే నివేదిక కూడా తయారుచేసింది: పాలమూరు ముఠా, పదకొండుకు పదకొండు మంది క్షేమం, నాలుగు నిమిషాలు. అధికారి నిమిషానికోసారి ఈలవేస్తున్న ఊపిరితో కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"ఎవరికీ ఏమీ కాలేదు మేడమ్," అన్నాడు. "ఇలాగే ఉండనివ్వండి. రాస్తే ముందు వాళ్లను మోసగాళ్లని గేటు బయటికి పంపుతారు. తర్వాత నన్ను. తర్వాత మీ పని కూడా ఉండదు. నాకిద్దరు పిల్లలు." ఆయన చెడ్డవాడు కాదు. ఊపిరి అందకపోయినా పన్నెండంతస్తులు ఎక్కినవాడు. నాకు ఆ తెర చూస్తుంటే మెట్ల మీద వేసిన భయం కంటే ఎక్కువ భయం వేసింది. ఇదే హెల్మెట్‌ను ఇంకా చాలా సైట్లకు పంపాలని మా ఆఫీసు అప్పటికే మాట్లాడుతోంది, నేను పంపిన ఫోటో చూసి.

మర్నాడు సాయంత్రం వాళ్ల గదికి పోయాను. కూలర్ తిరుగుతోంది. దాని ముందు చాప మీద పాప బోర్లా పడుకుని ఉంది. వీపు మీద పొక్కులు మానాయి. రాస్తే ఏమవుతుందో, రాయకపోతే ఏమవుతుందో అక్కకూ మేస్త్రీకీ చెప్పాను.

"మా పనే అంచు మీద మేడం," అన్నాడు మేస్త్రీ. "అంచుల పలక కొట్టెటోనికి అంచుకు పోతే అరుస్తదంటే ఎట్ల? లోపల టైల్స్ ఏసెటోళ్లకు కూలర్ వస్తది, మాకు యాడికెల్లి వస్తది?"

ఇంత చిన్న విషయం. నేను చదివిన వందల కాగితాల్లో ఎక్కడో ఉండే ఉంటుంది. బహుమతి ఆలోచన చెప్పిన రోజున నేను ఒక్కసారి ఈ మనిషిని అడిగి ఉంటే సరిపోయేది.

అక్క పాప వీపు మీద దువ్వుతూ అంది. "రాయి బిడ్డా. రాయకుంటే ఇంకో దిక్కు ఇంకొకరి బిడ్డ నిచ్చెన మీద ఉంటది. కని ఒకటి. నేను టోపీలు మోసిన్నని ఒక్కటే రాయకు. ఎందుకు మోసిన్నో గది గూడ రాయి."

రాశాను. మొదటి వాక్యమే, కూలర్ పెట్టాలన్న ఆలోచన నాది అని. రెండోది, పైన ఎవరూ లేరని చెప్పింది నేను అని. పంపే మీట మీద వేలు పెట్టి ఎంతసేపు కూర్చున్నానో, సాకేత్ ఆఫీసులో లైట్లు ఆపడానికి వచ్చినతను రెండుసార్లు వచ్చి వెళ్లాడు.

అధికారి చెప్పినట్టే జరిగింది, ఆయన ఉద్యోగం ఒక్కటి మిగిలింది. హెల్మెట్లు ఇంకే సైట్‌కూ పోలేదు. ముఠాను వారంలో పంపించేశారు. సామాను లారీకి ఎక్కిస్తుంటే అధికారి వచ్చి నిలబడి, వెనక్కి తీసుకోవాల్సిన కూలర్ కనపడనట్టు ఇంకో వైపు తిరిగి మందు పీల్చుకున్నాడట. నా పని కూడా పోయింది. ఇప్పుడు ఇంకోచోట అదే పని చేస్తున్నాను, మళ్లీ ప్రింటర్ పక్కనే.

ముఠా గ్రేటర్ నోయిడా వైపు ఇంకో టవర్ మీద ఉంది. అక్కడ ఫోన్ పెట్టుకోనిస్తారు. ఆకాశం ఇటుకరంగుకు తిరిగితే చాలు, నేను ఫోన్ చేస్తాను. మేస్త్రీ హలో అనడు. ఫోన్ చేత్తో పైకెత్తి "ఒకటి!" అంటాడు. నేను బల్ల అంచు పట్టుకుని వింటాను.

మొన్న పది దాకా వచ్చి ఆగిపోయింది. గాలి చప్పుడు, పలకల చప్పుడు, ఎవరో దగ్గారు. పదకొండు లేదు. అక్కా, అన్నాను. అక్కా, అని అరిచాను. ఆఫీసులో అందరూ నా వైపు తిరిగారు.

"పదకొండు," అంది అక్క. "నోట్ల బువ్వున్నది బిడ్డా, గందుకే జర లేటైంది."